సాఫ్ట్‌వేర్ ఫైళ్లకూ వేలిముద్రలు: హ్యాష్ విలువలతో అసలు, నకిలీల నిర్ధారణ

ప్రభుత్వ కార్యాలయాలలోను, పత్రికా కార్యాలయాలలోను నేడు కంప్యూటరు లేని బల్ల కనిపించడం అరుదు. అయితే ఆ కంప్యూటర్లలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వచ్చినది, తయారు చేసినవారు విడుదల చేసినది చేసినట్లే చేరినదా, మధ్యలో ఎవరైనా చేయి పెట్టారా అని విచారించే అలవాటు మాత్రం ఇంకా అంతగా ఏర్పడలేదు. తెలుగు టైపింగుకు ఉపయోగపడే సాఫ్ట్‌వేర్ ఒక పెన్‌డ్రైవులో ఒక సెక్షన్ నుంచి మరొక సెక్షన్‌కు, అక్కడి నుంచి మండల కార్యాలయాలకు చేరుతూ ఉంటుంది. అందులో మొదటి ప్రతి కలుషితమైనదైతే చివరి ప్రతి వరకు ఆ కాలుష్యం అంటుకునే ఉంటుంది. దీనిని కనిపెట్టడానికి ఖర్చు లేని, సాధారణ ఉద్యోగి సైతం రెండు నిమిషాలలో చేయగలిగిన పరీక్ష ఒకటి ఉన్నది. అదే హ్యాష్ విలువల పోలిక.

వేలిముద్ర వంటి సంఖ్య

హ్యాష్ అనేది ఒక గణిత ప్రక్రియ. ఎంత పెద్ద ఫైలునైనా ఈ ప్రక్రియకు లోను చేసినప్పుడు నిర్ణీతమైన పొడవు గల ఒక సంఖ్య ఫలితంగా వస్తుంది. ఒక పేజీ ఉత్తరమైనా, నాలుగు గిగాబైట్ల ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఫలితం పొడవు మారదు. నేడు విరివిగా వాడుకలో ఉన్న ఎస్‌హెచ్‌ఎ-256 పద్ధతిలో ఈ ఫలితం 256 బిట్లు ఉంటుంది. దీనిని 0 నుంచి 9 వరకు గల అంకెలతోను, ఎ నుంచి ఎఫ్ వరకు గల ఆరు ఆంగ్ల అక్షరాలతోను 64 స్థానాలలో వ్రాస్తారు.

ఒకే ఫైలును ఎన్నిసార్లు, ఏ కంప్యూటరులో, ఏ దేశంలో లెక్కించినా అదే విలువ వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం, చివరకు ఒక కామా మారినా విలువ పూర్తిగా మారిపోతుంది. కొద్దిగా మారిన ఫైలుకు కొద్దిగా మారిన విలువ వస్తుందనుకోవడం పొరపాటు. సగటున అందులోని బిట్లలో సగం తారుమారవుతాయి. కనుక రెండు విలువలను పక్కపక్కన ఉంచినప్పుడు తేడా దాగదు. మరొక విశేషమేమనగా, విలువను చూసి ఫైలులోని విషయాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. వేలిముద్ర చూసి మనిషి రూపురేఖలు గీయలేము గదా. అందువల్లనే దీనిని డిజిటల్ వేలిముద్ర అని వ్యవహరించడం పరిపాటి అయినది.

ఎస్‌హెచ్‌ఎ-256 పద్ధతిలో సాధ్యమైన విలువల సంఖ్య 78 అంకెల పొడవు ఉంటుంది. రెండు వేర్వేరు ఫైళ్లకు యాదృచ్ఛికంగా ఒకే విలువ వచ్చే అవకాశాన్ని ఆచరణలో లేనట్లే భావించవచ్చును.

ఈ సందర్భంలో రికార్డులు వ్రాసే సిబ్బందికి ఉపకరించే చిన్న సంగతి ఒకటి ఉన్నది. ఏమీ లేని ఖాళీ ఫైలుకు కూడా ఒక హ్యాష్ విలువ ఉంటుంది. ఎస్‌హెచ్‌ఎ-256లో అది 'ఇ3బి0సి442'తో మొదలవుతుంది. రిజిస్టరులో వేర్వేరు ఫైళ్ల ఎదుట ఇదే విలువ పదేపదే కనిపించినట్లయితే, ఆ ఫైళ్లు కాపీ కాలేదని, పేరు మాత్రమే మిగిలి లోపల ఏమీ లేదని గ్రహించవలెను.

పోల్చి చూచే విధానం

పరీక్ష విధానం సులభం. సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసే సంస్థలు చాలావరకు ఫైలుతోపాటు దాని హ్యాష్ విలువను కూడా ప్రకటిస్తాయి. ఫైలు తెచ్చుకున్నవారు తమ కంప్యూటరులో మళ్లీ విలువను లెక్కించి, ప్రకటించిన దానితో సరిపోల్చుకోవలెను. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశం గాని, పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ అనే ఆదేశం గాని ఈ పని చేస్తాయి. లినక్స్ కంప్యూటర్లలో ఎస్‌హెచ్‌ఎ256సమ్ అనే ఆదేశం ఉంటుంది. ఇందుకోసం ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేర్‌నూ కొనవలసిన పని లేదు. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకొనే అలవాటు మంచిది కాదు. ప్రకటిత విలువను కాపీ చేసి వెతికించడం ద్వారా మొత్తం 64 అక్షరాలను కంప్యూటరు చేతనే పోల్పించడం ఉత్తమం.

ఇది నిజంగా ఉపకరించిన సందర్భం 2017 మే నెలలో సంభవించింది. వీడియో ఫైళ్లను ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రెండు సర్వర్ల నుంచి పంపిణీ చేసేవారు. వాటిలో ఒకదానిలోకి దుండగులు చొరబడి, యాపిల్ మ్యాక్ కంప్యూటర్ల కోసం ఉంచిన అసలు ఫైలును తొలగించి, ప్రోటాన్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ కలిపిన ఫైలును ఆ స్థానంలో ఉంచారు. మే 2 నుంచి 6వ తేదీ వరకు ఈ పరిస్థితి కొనసాగింది. ఆ రోజులలో ఫైలు తీసుకున్నవారికి నకిలీ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం అని నిర్వాహకులు బహిరంగంగా హెచ్చరించారు. ప్రధాన వెబ్‌సైటు మాత్రం చెక్కుచెదరలేదు. అందులో ప్రకటించిన హ్యాష్ విలువలు అసలు ఫైలువే కావడంతో, వాటితో పోల్చి చూసుకున్నవారికి తేడా వెంటనే తెలిసే వీలు కలిగినది.

ముద్రను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారన్నదే ప్రధానం

హ్యాండ్‌బ్రేక్ ఉదంతంలో ఫైలు ఒకచోట, దాని విలువ మరొకచోట ఉన్నాయి. రెండూ ఒకేచోట ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో అంతకు ఏడాది ముందే లినక్స్ మింట్ ఉదంతం తేటతెల్లం చేసినది.

లినక్స్ మింట్ ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పొందిన ఆపరేటింగ్ సిస్టమ్. 2016 ఫిబ్రవరి 20వ తేదీన దాని వెబ్‌సైటులోకి ఆగంతకులు ప్రవేశించారు. 17.3 సినమన్ అనే సంచిక ఫైలుకు రహస్య ద్వారం అమర్చి, బల్గేరియాలోని ఒక సర్వర్‌లో ఉంచి, డౌన్‌లోడ్ పేజీలోని లింకును దానివైపు మళ్లించారు. ఈ విషయాన్ని ప్రాజెక్టు నాయకుడు క్లెమెంట్ లెఫెవ్ర్ స్వయంగా ప్రకటించి, ఆ రోజున ఫైలు తీసుకున్నవారు దానిని పరీక్షించుకోవలసిందిగా కోరుతూ సరైన హ్యాష్ విలువలను విడుదల చేశారు. టోరెంట్ పద్ధతిలో ఫైలు పొందినవారికి హాని కలుగలేదు. టోరెంట్ పద్ధతిలో ఫైలును ముక్కలుగా తెచ్చుకొని, ప్రతి ముక్కనూ హ్యాష్ విలువతో సరిచూసుకొనే ఏర్పాటు అంతర్లీనంగా ఉంటుంది.

అయితే ఇందులో మరొక కోణం ఉన్నది. లింకును మాత్రమే గాక, ఫైలు పక్కన ప్రకటించే హ్యాష్ విలువను కూడా తాను మార్చివేసినట్లు, అసలు వాటిని పరీక్షించేవారెవరన్న ధీమాను వెలిబుచ్చినట్లు చొరబాటుదారుడు ఒక విలేకరికి చెప్పినట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. అనగా ఆ రోజున శ్రద్ధగా పరీక్ష చేసినవారికి సైతం నకిలీ ఫైలుకు నకిలీ విలువ చక్కగా సరిపోయి ఉండేది. తాళం కప్పను మార్చినవాడే తాళంచెవిని కూడా గుమ్మానికి తగిలించి వెళ్లినట్లయినది. హ్యాష్ విలువ సరిపోయినది అన్నప్పుడు, ఏ విలువతో సరిపోయినది, ఆ విలువ ఎక్కడి నుంచి తెచ్చినది అనే ప్రశ్న తప్పనిసరిగా వేయవలెను. సాఫ్ట్‌వేర్ పరీక్షకు సంబంధించిన ఏ నివేదికలోనైనా అధికారులు చూడవలసిన మొదటి అంశం ఇదే.

సంతకం చేసిన జాబితాలు

ఈ చిక్కుకు పరిష్కారంగా డిజిటల్ సంతకం ఏర్పడినది. విలువల జాబితాపై విడుదల చేసినవారు తమ రహస్య తాళంచెవితో సంతకం చేస్తారు. ఆ సంతకాన్ని సరిచూచే బహిరంగ తాళంచెవి వాడుకదారు వద్ద ముందుగానే ఉంటుంది. వెబ్‌సైటులోకి చొరబడినవారు జాబితాను మార్చగలరు గాని, రహస్య తాళంచెవి తమ చేతిలో లేనిదే దానిపై చెల్లుబాటయ్యే సంతకం పెట్టలేరు.

డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ అనుసరించే పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ. 2023లో వెలువడిన డెబియన్ 12లో 60 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. ఇన్నింటికీ విడివిడిగా సంతకం చేయకుండా అక్కడ ఒక గొలుసు ఏర్పాటు చేశారు. ప్రతి ప్యాకేజీ ఫైలు హ్యాష్ విలువ ప్యాకేజెస్ అనే సూచికలో నమోదవుతుంది. ఆ సూచిక హ్యాష్ విలువ రిలీజ్ అనే మరొక చిన్న ఫైలులో నమోదవుతుంది. సంతకం ఆ చివరి ఫైలుపై మాత్రమే ఉంటుంది. ఒక్క సంతకాన్ని సరిచూస్తే సూచిక, సూచికను సరిచూస్తే అన్ని ప్యాకేజీలు నిర్ధారణ అవుతాయి. ఏ ఒక్క ప్యాకేజీలో ఒక్క అక్షరం మారినా గొలుసు ఆ లంకె వద్ద తెగిపోతుంది. 2007లో వెలువడిన డెబియన్ 4.0 నుంచి ఈ పరీక్షను ఏప్ట్ అనే సాధనం తనంతట తానుగా నిర్వహిస్తున్నది. సి-డాక్ రూపొందించిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, అనగా బాస్ లినక్స్, డెబియన్ ఆధారంగా నిర్మితమైనదే.

ఏప్ట్ పరీక్షించేది అధికారిక భాండాగారం నుంచి వచ్చే ప్యాకేజీలను మాత్రమే. ఎవరో ఈమెయిలులో పంపిన ప్యాకేజీని నేరుగా స్థాపించినప్పుడు ఈ గొలుసు రక్షణ వర్తించదు. ఆచరణలో ఎక్కువ ప్రమాదాలు ఈ దారినే వస్తాయి.

విలువ ద్వారా అన్వేషణ

ప్రకటిత విలువ అందుబాటులో లేనప్పుడు, లేదా పాత హార్డ్‌డిస్కులో దొరికిన ఫైలు ఏమిటో తెలియనప్పుడు మరొక మార్గం ఉన్నది. ఫైలు హ్యాష్ విలువను లెక్కించి, తెలిసిన విలువల భాండాగారాలలో వెతకడం. అమెరికాలోని జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ అయిన ఎన్‌ఐఎస్‌టీ, జాతీయ సాఫ్ట్‌వేర్ సూచన గ్రంథాలయం పేరిట ఇటువంటి సంచయాన్ని నిర్వహిస్తూ మూడు నెలలకొకసారి వెలువరిస్తున్నది. స్వాధీనం చేసుకున్న హార్డ్‌డిస్కులో లక్షలాది ఫైళ్లున్నప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు, సుపరిచిత సాఫ్ట్‌వేర్‌కు చెందినవాటిని దీని సాయంతో పక్కకు తీసి, మిగిలినవాటిపై దృష్టి నిలపడం నేర పరిశోధకులకు వీలవుతున్నది.

ఈ సంచయంలో ఉన్నదంటే మంచి ఫైలని అర్థం కాదు. అది గుర్తు తెలిసిన ఫైలని మాత్రమే అర్థం. సమాచారాన్ని చిత్రాలలో దాచే సాధనాలు, చొరబాట్లకు వాడే కొన్ని ఉపకరణాలు కూడా అందులో నమోదై ఉన్నాయి.

వైరస్‌టోటల్ వంటి సేవలు ఇందుకు భిన్నమైనవి. 2004లో స్పెయిన్‌లో ప్రారంభమై 2012లో గూగుల్ అధీనంలోకి వచ్చిన ఈ సేవలో హ్యాష్ విలువను నమోదు చేసినట్లయితే, ఆ ఫైలు గతంలో అక్కడికి వచ్చి ఉన్నట్లయితే, వివిధ యాంటీవైరస్ సాధనాలు దానిని గూర్చి ఏమి చెప్పినవో తెలుస్తుంది. ప్రభుత్వ సిబ్బంది, పాత్రికేయులు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించవలసి ఉన్నది. ఫైలును ఎక్కించడం వేరు, విలువను వెతకడం వేరు. ఎక్కించిన ఫైలు ఆ సేవ వద్ద నిలిచిపోయి, ఇతరుల చేతికి కూడా చేరవచ్చును. రహస్య పత్రాలను, వార్తామూలాలను బయటపెట్టే పత్రాలను అనుమాన నివృత్తి కోసమని ఎక్కించడం తగదు. విలువను మాత్రమే వెతికినప్పుడు ఫైలులోని విషయం కార్యాలయం గడప దాటదు. వెతికిన విలువ దొరకకపోతే ఫైలు నిర్దోషి అని తీర్మానించరాదు. ఈ ఒక్క బాధితుని కోసమే తయారు చేసిన దుష్ట సాఫ్ట్‌వేర్ ఏ జాబితాలోను ఉండదు. దేశంలో సైబర్ అత్యవసర స్పందన బృందమైన సెర్ట్-ఇన్ తన హెచ్చరికలలో దుష్ట ఫైళ్ల హ్యాష్ విలువలను కూడా ప్రకటిస్తున్నందున, కార్యాలయాల సాంకేతిక సిబ్బంది వాటితో తమ కంప్యూటర్లలోని ఫైళ్లను పోల్చి చూసుకొనవచ్చును.

కాలం చెల్లిన పద్ధతులు

హ్యాష్ పద్ధతులన్నీ ఒకే బలం గలవి కావు. రోనాల్డ్ రివెస్ట్ 1991లో రూపొందించిన ఎండీ5 ఒకప్పుడు సర్వత్రా చెల్లుబాటు అయినది. 2004లో చైనా గణితవేత్త షియావోయున్ వాంగ్ బృందం ఒకే ఎండీ5 విలువ గల రెండు వేర్వేరు సమాచారాలను సృష్టించి చూపింది. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచర్య సాఫ్ట్‌వేర్ ఇదే లోపాన్ని ఉపయోగించుకొని మైక్రోసాఫ్ట్ పేరిట నకిలీ ధ్రువపత్రాన్ని చూపగలిగినది. 1995 నాటి ఎస్‌హెచ్‌ఎ-1 వంతు 2017 ఫిబ్రవరి 23న వచ్చినది. గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే విలువ గల రెండు వేర్వేరు పీడీఎఫ్ పత్రాలను ప్రదర్శించారు. 2030 డిసెంబరు 31 నాటికి ఎస్‌హెచ్‌ఎ-1 వాడుకను విరమించవలెనని ఎన్‌ఐఎస్‌టీ 2022లో ప్రకటించినది.

ఈ వార్తలను వ్రాసేటప్పుడు ఒక భేదాన్ని గమనించవలసి ఉన్నది. ఒకే విలువ గల రెండు ఫైళ్లను తానే పక్కపక్కన తయారు చేయడం ఒక పని. ఇతరులు ఇదివరకే విడుదల చేసిన ఫైలుకు సరిపోయే నకిలీని తయారు చేయడం వేరే పని. ఎండీ5 విషయంలో మొదటిది సాధారణ కంప్యూటరుపై సాధ్యమవుతున్నది, రెండవది నేటికీ ఆచరణసాధ్యం కాలేదు. కనుక పాత ఫైలు పక్కన ఎండీ5 విలువ మాత్రమే ఉన్నదని దానిని పారవేయనక్కరలేదు. డౌన్‌లోడ్‌లో పొరపాటు జరిగినదా అని తెలుసుకోవడానికి అది చాలును. కాని ఫైలును సరఫరా చేసేవారినే అనుమానించవలసి వచ్చినప్పుడు ఎండీ5, ఎస్‌హెచ్‌ఎ-1లను ఆధారంగా స్వీకరించరాదు. సరఫరాదారు మంచి ఫైలును, చెడ్డ ఫైలును ఒకే విలువ వచ్చేలా ముందే సిద్ధం చేసుకొని, తనిఖీకి మొదటిది, పంపిణీకి రెండవది ఇవ్వగలడు.

చట్టంలో హ్యాష్

హ్యాష్ అనే మాట భారతదేశ చట్టానికి కొత్త కాదు. 2000 అక్టోబరు 17 నుంచి అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టంలోని 3వ సెక్షన్ హ్యాష్ ప్రక్రియను నిర్వచించినది. ఫలితం నుంచి మూల రికార్డును రాబట్టడం గాని, రెండు రికార్డులకు ఒకే ఫలితం రావడం గాని గణన రీత్యా అసాధ్యంగా ఉండవలెనని ఆ నిర్వచనం తాత్పర్యం. పై కొలబద్దతో చూసినప్పుడు ఎండీ5, ఎస్‌హెచ్‌ఎ-1 నేడు ఆ నిర్వచనానికి సరితూగుతాయా అనేది ఆలోచించవలసిన విషయమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, 2023 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులతోపాటు సమర్పించే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను, దానిని ఏ పద్ధతిలో రాబట్టారో పేర్కొనవలెను. ఆ నమూనాలో ఎస్‌హెచ్‌ఎ-1, ఎస్‌హెచ్‌ఎ-256, ఎండీ5 మూడింటికీ గడులు ఉన్నాయి. ఎంచుకొనే వీలున్నప్పుడు ఎస్‌హెచ్‌ఎ-256ను ఎంచుకోవడం వివేకం.

విలువ సరిపోయినా

హ్యాష్ పరీక్ష ఏది చెప్పగలదు, ఏది చెప్పలేదు అన్నది 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతంతో స్పష్టమైనది. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనేది ఫైళ్లను కుదించే సాధనం. లినక్స్ కంప్యూటర్లలో విస్తృతంగా ఉంటుంది. దాని నిర్వహణలో భాగస్వామిగా నమ్మకం సంపాదించిన వ్యక్తి ద్వారానే 5.6.0, 5.6.1 సంచికలలోకి రహస్య ద్వారం చేరినది. విడుదలైన ఫైలే కలుషితం కనుక దాని హ్యాష్ విలువ అక్షరం తప్పకుండా సరిపోయేది. విడుదల ఫైలును బహిరంగంగా ఉన్న మూల ప్రోగ్రాముతో పోల్చినట్లయితే మాత్రం తేడా కనిపించేది. రహస్య ద్వారాన్ని క్రియాశీలం చేసే భాగం విడుదల ఫైలులోనే ఉన్నది, మూల ప్రోగ్రాములో లేదు. దీనిని కనిపెట్టినది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్. దూర ప్రాంతం నుంచి కంప్యూటరులోకి ప్రవేశించే ప్రక్రియ అర సెకను ఆలస్యం కావడం ఆయనకు అనుమానం కలిగించినది. ఇచ్చినవారు ఇచ్చినట్లే అందినదని హ్యాష్ చెప్పగలదు గాని, ఇచ్చినవారి మనసును గూర్చి చెప్పలేదు.

తేడా వచ్చినప్పుడు

సాఫ్ట్‌వేర్‌ను పలు కంప్యూటర్లలో స్థాపించే కార్యాలయాలు మొదటి ప్రతిని పరీక్షించి, దాని పేరు, సంచిక, ఎస్‌హెచ్‌ఎ-256 విలువ, ఆ విలువను ఎక్కడి నుంచి తీసుకున్నదీ, పరీక్షించినవారి పేరు, తేదీ స్టాకు రిజిస్టరులో నమోదు చేసుకొనడం మంచిది. ఆపై పెన్‌డ్రైవు ద్వారా ఎన్ని చోట్లకు వెళ్లినా, ప్రతిచోటా రిజిస్టరులోని విలువతో పోల్చుకొనవచ్చును. విలువను పెన్‌డ్రైవులోనే ఉంచి పంపడం వల్ల ప్రయోజనం లేదు. దానిని ఉత్తరం ద్వారా గాని, మరొక మార్గంలో గాని పంపవలెను.

విలువ సరిపోనప్పుడు కంగారు పడవలసిన పని లేదు. అటువంటి సందర్భాలలో చాలావరకు డౌన్‌లోడ్ సగంలో ఆగిపోవడమో, వేరే సంచిక విలువతో పోల్చడమో కారణమై ఉంటుంది. ఒకసారి ఫైలును అధికారిక వెబ్‌సైటు నుంచి తిరిగి తెచ్చుకొని పరీక్షించవలెను. అప్పటికీ సరిపోకపోతే దానిని తెరవడం గాని, స్థాపించడం గాని చేయరాదు. తొలగించనూరాదు, ఎందుకనగా దర్యాప్తులో అదే ప్రధాన ఆధారం అవుతుంది. ఫైలును విడిగా భద్రపరచి, సమయాన్ని, వచ్చిన విలువను వ్రాసి ఉంచి, విడుదల చేసిన సంస్థకు తెలియజేయవలెను. ఇప్పటికే కంప్యూటర్లలో స్థాపించి దుష్ట సాఫ్ట్‌వేర్ ప్రవేశించినట్లు గమనించినప్పుడు, 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల మేరకు ప్రభుత్వ సంస్థలతో సహా సంబంధితులందరూ గమనించిన 6 గంటలలోగా ఆ సంస్థకు నివేదించవలసి ఉంటుంది.